ఇల్లు కాలక ముందే బావి

“ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోయినట్లు” అను సామెత నెరుగని తెలుగువారుండరు. పెద్దలు దానిని పరిహాసమునకు చెప్పినను, అందు ప్రభుత్వ కోశాగారములకు సంబంధించిన పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. బావి ఎప్పుడు త్రవ్వవలెను? దానికి ధనము ఎవరు ఈయవలెను? అట్లు త్రవ్విన బావికి ఏటేట పూడిక తీయించు భారము ఎవరిది? అగ్నిమాపక దళములు విపత్తుల నెదుర్కొనుటకై ముందుగానే సహాయకధనమును స్వీకరించు ఏర్పాటు నేడు పెక్కు దేశములందు కలదు. దీనినే వాడుకలో గ్రాంటు అందురు. మన దేశమునందును ఇట్టి ఏర్పాటు జరిగినది. అది ఎట్టిదో, తుళ్లూరు వంటి ప్రాంతమున నివసించువారికి దానివలన ఏమి లభించునో, ఏమి లభింపదో ఈ ప్రసంగమున విచారింతము.

తుళ్లూరును ఎన్నుకొనుటకు కారణము కలదు. కృష్ణకు దక్షిణపు ఒడ్డున, గుంటూరు జిల్లాలో నున్న ఈ గ్రామము మొన్నమొన్నటి వరకు కేవలము రైతుల ఊరు. చుట్టును నల్లరేగడి, ప్రత్తి, మిరప మొదలగు పంటలు, నదీతీరమున అరటి, కూరగాయల తోటలు. 2015 అక్టోబరు 22వ తేదీన ఈ మండలమునందలి ఉద్దండరాయునిపాలెమున అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగినది. 2016లో వెలగపూడియందు తాత్కాలిక సచివాలయము వెలసినది. 2019లో నేలపాడునందు హైకోర్టు పని ప్రారంభమైనది. ఐనవోలునందు విశ్వవిద్యాలయ భవనములు లేచినవి. ఇట్లు ఒకే మండలమున ఒక ప్రక్క గడ్డివాములు, వేరొక ప్రక్క అంతస్తుల మేడలు చేరినవి. పల్లెలో పుట్టు నిప్పు వేరు. పట్టణములో పుట్టు నిప్పు వేరు. ఈ రెంటిని ఎరిగిన దళము ఈ ప్రాంతమునకు కావలెను.

మొదట పల్లెలోని మంటను చూతము. మిరపకాయ కోసి కల్లములో ఎండబోయు కాలమును, ప్రత్తి ఇంటిలో రాశిపడియుండు కాలమును, ఎండలు ముదురు కాలమును ఇంచుమించుగా ఒకదానితో నొకటి కలియును. ధర పెరుగునను ఆశతో రైతు ప్రత్తిని గదినిండ పోసికొని, తాను పంచలో పండుకొనును. పొయ్యికి పనికివచ్చునని ప్రత్తికట్టెను పెరటిలో వామి వేయును. దాని ప్రక్క పశువుల కొట్టము. కొట్టము ప్రక్క గడ్డివాము. వానిపైగా విద్యుత్తు తీగ. గాలికి రెండు తీగలు రాచుకొని ఒక్క రవ్వ రాలిన చాలును. ఆ కుటుంబము ఏడాది పొడుగున పడిన కష్టము, ఎరువుల దుకాణములోని బాకీ, కౌలుసొమ్ము, పిల్లల చదువులకై వేసికొనిన లెక్క, అంతయు ఆ ఒక్క గదిలోనే యున్నది. బ్యాంకులో వేసిన పైకమునకు పుస్తకము కలదు. గదిలో కాలిన ప్రత్తికి పుస్తకము లేదు.

ప్రత్తికి అంటుకొనిన నిప్పు ఇతరమైన నిప్పుల వంటిది కాదు. వదులుగా నున్న దూదిమీద అది క్షణములో పైపైన ప్రాకిపోవును. బిగించి కట్టిన బేలులోనైనచో లోపలికి చొచ్చి, జ్వాల కనబడకుండ గంటల కొలది, ఒక్కొక్కప్పుడు దినముల కొలది రగులుచుండును. మన దేశమున బేలు బరువు 170 కిలోగ్రాములు. అంత దూది అంత గట్టిగా అదిమియున్నప్పుడు పైన చల్లిన నీరు నడిమికి చేరదు. మొదటి దినమున ఆరిపోయినదని తలుపు మూసిన గిడ్డంగి మరునాటి రాత్రి మరల అంటుకొనుటకు కారణమిదియే. పైగా ముడిప్రత్తి పోగుమీద ప్రకృతిసిద్ధమైన మైనపు పూత యుండును. అది నీటిని వెంటనే పీల్చుకొననీయదు. కావున శిక్షణ పొందిన దళము నీటిలో తడిని చొరబెట్టు ద్రావకమును కలుపును. కొక్కెములతో బేళ్లను ఒక్కొక్కదానినే బయటికి లాగి, కట్లు త్రెంచి, విప్పి, లోని నిప్పును వెదకి చంపును. ఈ పనికి ఫైరింజను ఒక్కటియే చాలదు. మనుషులు కావలెను, ఓర్పు కావలెను, రేయింబవళ్లు కాపలా కావలెను.

మిరప సంగతి ఇంతకంటెను కష్టము. మిరపకాయలోని కారమునకు మూలమైన కాప్సేసిన్ అను పదార్థము పొగతో కలిసి లేచినప్పుడు కన్నులు తెరువనీయదు, గొంతు పెగలనీయదు. గుంటూరు ప్రాంతమున మిరప టిక్కీలను నెలల తరబడి నిలువ చేయు శీతల గిడ్డంగులు అనేకము కలవు. చల్లదనము పోకుండుటకై వాని గోడలు మందముగా నుండును, కిటికీలు ఉండవు, ద్వారములు బహు తక్కువ. చలిని నిలుపుటకు కట్టిన ఆ గోడలే, నిప్పు పుట్టినప్పుడు వేడిమిని, పొగను లోపలనే నిలిపివేయును. బయటినుండి ఎంత నీరు కొట్టినను నిప్పున్న చోటికి పోదు. కొన్ని తరుణములలో గోడ పగులగొట్టి దారి చేసికొనవలసి వచ్చును. ముఖమునకు శ్వాస పరికరము తగిలించుకొనక లోనికి అడుగుపెట్టిన వాడు క్షణములో వెనుదిరుగవలెను, లేదా అక్కడనే కూలవలెను. వీపున మోయు సిలిండరులోని గాలియు అరగంట, ముప్పావుగంట మాత్రమే వచ్చును. తరువాత వేరొక జట్టు పోవలెను. ఖాళీయైన సిలిండరును మరల నింపు యంత్రము దగ్గరనే యుండవలెను. ఇవి యన్నియు ముందుగా కొని, ముందుగా అభ్యాసము చేసియుండవలసిన వస్తువులు. మంట లేచిన నాడు అంగడికి పోయి తెచ్చుకొనదగినవి కావు.

ఇక పట్టణపు మంట. విజయవాడలో 2020 ఆగస్టు 9వ తేదీ వేకువను, కోవిడ్ రోగుల సంరక్షణకై వాడుచుండిన ఒక హోటలు భవనములో నిప్పు పుట్టి 10 మంది మరణించిరి. అట్టి మూసియున్న భవనములలో జ్వాలకంటె పొగయే పెక్కుమార్లు ప్రాణములు తీయును. మెట్లదారి పొగగొట్టమువలె మారును; పై అంతస్తులవారు దిగిరాలేరు. అట్టి చోట పొడవైన నిచ్చెనలు, ఎత్తునకు లేచు వేదికలు, పొగను వెడలగొట్టు పంకాలు కావలెను. వానిని నడపుట ఒక విద్య. తుళ్లూరు చుట్టును మేడలు లేచుచున్నకొలది ఈ విద్య అక్కడివారికిని అవసరమగును.

నిప్పు ఒక్కటియే కాదు, నీరును ఈ దళము పనియే. 2024 సెప్టెంబరు నెల మొదట బుడమేరు పొంగి విజయవాడలో పెద్దభాగము మునిగిన సంగతి అందరికిని తెలిసినదే. ఆ నెల 2వ తేదీన ప్రకాశం బ్యారేజి మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరదనీరు ప్రవహించినది. బ్యారేజి చరిత్రలో అంతటి వరద మునుపెన్నడును నమోదు కాలేదు. నీరు తీసిన పిమ్మట ఇండ్లలో పేరుకొనిన బురదను కడుగుటకు ఫైరింజనులను దింపిరి. నిప్పు నార్పవలసిన గొట్టములు నాడు వంటయిండ్లను, వీధులను కడిగినవి. తుళ్లూరు వైపున కొండవీటి వాగు కలదు. దాని వరదనీటిని కృష్ణలోనికి ఎత్తిపోయుటకు ఉండవల్లి వద్ద 2018లో 5,000 క్యూసెక్కుల శక్తి గల పంపుల కేంద్రమును ప్రారంభించిరి. వాగుపొంగు, తుఫాను, కూలిన చెట్లు, కూలిన గోడలు, ఇవి యన్నియు నేడు అగ్నిదళమునకు వచ్చు పిలుపులే. అందువలననే మన రాష్ట్రములో ఆ శాఖ పేరునందు అగ్నిమాపక సేవలతోపాటు విపత్తు స్పందన అను మాట కూడ చేరియున్నది.

ఇంతటి బాధ్యత గల దళము మన దేశమున చిరకాలము పేదరికములోనే యుండెను. దాని ప్రాధాన్యము దేశమునకు తెలియవచ్చుటకు ఒక ఘోరవిపత్తు జరుగవలసి వచ్చెను. అదియు ప్రత్తితో సంబంధించినదే. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడయందు నిప్పు పుట్టినది. ఆ ఓడలో ప్రేలుడు సామగ్రియు, ప్రత్తి బేళ్లును ఒక్కచోటనే కలవు. ప్రత్తిలో రగిలిన నిప్పును ఆర్పుటకు దళము గంటల కొలది పాటుపడుచుండగా సాయంకాలము ఓడ ప్రేలిపోయినది. నాడు 66 మంది అగ్నిమాపకులు విధి నిర్వహణలో అసువులు బాసిరి. వారి స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20వ తేదీ వరకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవమును జరుపుచున్నారు.

స్వాతంత్ర్యానంతరము 1955లో కేంద్ర హోంశాఖ అగ్నిమాపక విషయములందు సలహా నిచ్చుటకు ఒక స్థాయీసంఘమును నియమించినది. 1956లో జాతీయ అగ్నిమాపక కళాశాల రాంపురమున ప్రారంభమై, మరుసటి సంవత్సరము నాగపురమునకు తరలినది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పన్నెండవ షెడ్యూలు, పురపాలక సంఘములకు అప్పగింపదగిన పదునెనిమిది పనులలో అగ్నిమాపకమును ఒకటిగా పేర్కొన్నది. ముంబయి, అహ్మదాబాదు వంటి నగరములలో నగరపాలక సంస్థయే దళమును నడుపుచున్నది. మన రాష్ట్రమున అట్లు కాదు. రాష్ట్ర ప్రభుత్వ శాఖయే నగరములకును, పల్లెలకును ఈ సేవ చేయును. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టము 1999లో వచ్చినది. కావున తుళ్లూరునకు కావలసిన శకటమునకై ధనమును స్వీకరించునది ఊరి పంచాయతి గాని, ఒక నగరము గాని కాదు, రాష్ట్రము.

ఆ ధనము వచ్చు త్రోవను ఇప్పుడు చూతము. పూర్వము విపత్తునకై ప్రభుత్వ మిచ్చు ధనమనగా విపత్తు జరిగిన పిమ్మట ఇచ్చునదియే: బియ్యము, దుప్పట్లు, కూలిన ఇంటికి పరిహారము. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టము ఈ దృష్టిని మార్చినది. విపత్తు వచ్చిన పిమ్మటి సహాయముతోపాటు, రాకమునుపే చేయవలసిన నివారణ, సన్నద్ధతలను గూడ ప్రభుత్వ ధర్మముగా నిర్ణయించినది. 2010 మొదలు 2015 వరకు వర్తించిన పదుమూడవ ఆర్థిక సంఘము ఒక అడుగు ముందుకు వేసినది. పది లక్షలకు మించిన జనాభా గల నగరపాలక సంస్థలు అగ్నిప్రమాదముల నెదుర్కొను ప్రణాళికను వ్రాసి ప్రకటింపవలెననియు, పనితీరును బట్టి ఇచ్చు గ్రాంటునకు అది యొక షరతనియు చెప్పినది. అనగా, డబ్బు కావలెనన్నచో ముందు ఆలోచన చూపుమని అర్థము.

తరువాత ఎన్.కె. సింగ్ అధ్యక్షతను పనిచేసిన పదునైదవ ఆర్థిక సంఘము 2021 మొదలు 2026 వరకు ఐదేండ్లకు సిఫారసులు చేసినది. రాష్ట్రముల విపత్తు నిధులకు మొత్తము 1,60,153 కోట్ల రూపాయలను నిర్దేశించి, దానిని నాలుగు పాళ్లుగా పంచినది. గృహస్థులకు సులభముగా తెలియుటకు నూరు రూపాయల లెక్కగా చెప్పుదును. అందు 40 రూపాయలు తక్షణ సహాయమునకు. 30 రూపాయలు పునర్నిర్మాణమునకు. 20 రూపాయలు విపత్తు తాకిడిని తగ్గించు పనులకు. మిగిలిన 10 రూపాయలు సన్నద్ధతకు, శక్తిసామర్థ్యముల పెంపునకు. నూటికి పది చిన్న మొత్తముగా కనబడవచ్చును. కాని కాలిన తరువాత ఇచ్చు ధనముల నడుమ, కాలక ముందే ఈయవలసిన ధనమునకు ప్రత్యేకముగా ఒక అర కేటాయించుట ఇందలి విశేషము. 

జాతీయ స్థాయిలోని సన్నద్ధత నిధి నుండి రాష్ట్రముల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయలతో కేంద్ర హోంశాఖ 2023లో ఒక పథకమును ప్రారంభించినది. అందలి నియమములు గమనింపదగినవి. రాష్ట్రము తన ఖజానా నుండి మొత్తము ఖర్చులో 25 శాతము భరింపవలెను. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము 10 శాతము చాలును. 5,000 కోట్లలో 500 కోట్లను, చట్టములందును ఏర్పాట్లయందును సంస్కరణలు చేసిన రాష్ట్రములకు ప్రోత్సాహకముగా విడిగా నుంచిరి. గ్రాంటు అప్పు కాదు, తిరిగి చెల్లింపనక్కరలేదు. అమరావతి నిర్మాణమునకు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 2024 డిసెంబరులో చెరియొక సుమారు 80 కోట్ల డాలర్లు ఆమోదించినవి, అవి ఋణములు. గ్రాంటు అట్టిది కాకపోయినను, ఊరక వచ్చునదియు కాదు. చేయి చాపువాడు తన సంచిలోనిదియు కొంత తీసి ప్రక్కన పెట్టవలెను.

ఈ నియమము మనకే ప్రత్యేకము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2001 నుండి అగ్నిదళములకు కేంద్రప్రభుత్వము నేరుగా గ్రాంటులు ఇచ్చు ఏర్పాటు కలదు. అక్కడ ఊరి పరిమాణమును బట్టి ఊరివంతు మారును. 20 వేల జనాభా లోపు ఊరికి 5 శాతము. అంతకుమించి పది లక్షల వరకు 10 శాతము. పది లక్షలు దాటిన నగరమునకు 15 శాతము. చిన్న ఊరి బలహీనతను ఎరిగి చేసిన లెక్క యిది. అంతకంటె మెచ్చదగినది మరియొక షరతు. గ్రాంటు పొందిన ఊరు, అంతకు ముందటి రెండేండ్లలో అగ్నిదళమునకై తాను పెట్టిన ఖర్చుల సగటులో 80 శాతమునకు తగ్గకుండ తన సొంత ఖర్చును కొనసాగింపవలెను. “పై నుండి డబ్బు వచ్చినది గదా, మనము పెట్టుట మానుదము” అను బుద్ధి పుట్టకుండ వేసిన ముకుతాడు అది. గ్రాంటు తోడుగా రావలెను. ఉన్నదానిని తీసివేయుటకు సాకు కారాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. త్రవ్విన బావికి పూడిక తీయువారెవరు? గ్రాంటు ధనము సామాన్యముగా ఒక్కసారి వచ్చునది. దానితో శకటము కొనవచ్చును, కేంద్రము కట్టవచ్చును, శ్వాస పరికరములు, పడవలు, తాళ్లు, కోతయంత్రములు తేవచ్చును, శిక్షణ ఇప్పించవచ్చును. కాని శకటము నడుపువాని జీతము నెలనెల కావలెను. డీసెలు ప్రతిదినము కావలెను. రబ్బరు గొట్టము ఎండకు చీలును. పంపు వాడకున్నను చెడును. సిలిండరును నియమిత కాలమున పరీక్షింపకున్నచో అదియే ప్రమాదకారణమగును. ఐదేండ్ల గ్రాంటు ముగిసిన ఆరవయేట ఆ కొట్టములోని శకటము బయలుదేరునా లేదా అనునది, ఆ యేటి రాష్ట్ర బడ్జెటులోని ఒక చిన్న పద్దుమీద ఆధారపడియుండును. క్రొత్త శకటమునకు పూలదండ వేసి పచ్చజెండా ఊపు దినమున పత్రికలలో బొమ్మ వచ్చును. దాని పంపునకు మరమ్మతు చేసిన దినమున ఏ పత్రికలోను బొమ్మ రాదు. సన్నద్ధత యనునది ఎక్కువగా ఆ బొమ్మ రాని దినములలోనే యున్నది.

శకటము వచ్చినను నీరు వేరుగా కావలెను. మన ఊళ్లకు వచ్చు ఫైరింజను తొట్టిలో సుమారు 4,500 లీటర్ల నీరుండునని అనుకొందము. నిమిషమునకు 2,250 లీటర్లు ఎత్తు పంపు పూర్తివేగమున పనిచేసినచో ఆ తొట్టి రెండు నిమిషములలో ఖాళీయగును. చిన్న గొట్టముతో పొదుపుగా కొట్టినను అది కొలది నిమిషముల మాటయే. పిమ్మట నీరెక్కడిది? తుళ్లూరు ప్రక్కనే కృష్ణ పారుచున్నదని తృప్తిపడరాదు. నది ఒడ్డునకు బండి పోవు దారి యుండవలెను. చెరువు వద్ద పంపుగొట్టము దించుటకు గట్టినేల యుండవలెను. బోరుబావి కలదుగదా యందురు. మంట లేచిన వెంటనే చేయు మొదటి పని విద్యుత్తును ఆపుట. విద్యుత్తు ఆగినచో బోరు మోటారును ఆగును. కావున ఊరి ఎత్తైన నీటితొట్టి ఎల్లవేళల నిండియుండుటయు, దాని అడుగున ఫైరింజను గొట్టము తగులుకొను అమరిక యుండుటయు మేలు. వేసవిలో చెరువు ఎండిన ఊరికి ఇది మరింత అవసరము. ఈ పనులు పెద్ద గ్రాంటులు కోరవు. పంచాయతి సమావేశములో ఒక్క తీర్మానమును, ఒక తాపీమేస్త్రిని మాత్రమే కోరును.

ఈ విధముగా చూచినచో విపత్తు సన్నద్ధతకు మూడు వంతులవారు కలరని తేలును. కేంద్రము వంతు ఒకటి. రాష్ట్రము వంతు ఒకటి. మూడవది గృహస్థుల వంతు. మొదటి రెండు వంతులకు శాతములు వ్రాసినారు. మూడవ వంతునకు శాతము లేదు గాని, కాలమునందు మొదట వచ్చునది అదియే. కేంద్రము నుండి శకటము బయలుదేరి, ఇరుకు వీధులు దాటి, ఇల్లు కనుగొని, గొట్టము పరచువరకు గడచు నిమిషములు పూర్తిగా ఇంటివారివి, ఇరుగుపొరుగువారివి. పిడికెడంత నిప్పు పెనుమంట యగుటయు, కాకుండుటయు ఆ నిమిషములలోనే నిర్ణయమగును.

కనుక శ్రోతలు ఈ కొన్ని విషయములను మనసున నుంచుకొనుడు. అగ్నిప్రమాదమునకు 101 నంబరునకు గాని, అన్ని అత్యవసరములకును వర్తించు 112 నంబరునకు గాని వెంటనే ఫోను చేయవలెను. మొదట ఊరు, వీధి, దగ్గరి గుర్తు చెప్పి, కాలుచున్నది ప్రత్తియా, గడ్డియా, గ్యాసుబండయా తెలుపవలెను. దానిని బట్టి దళము తేవలసిన సామగ్రి మారును. ఒకరు వీధి మొగమున నిలిచి దారి చూపవలెను. బండ్లు, ట్రాక్టర్లు దారికి అడ్డముగా నున్నచో తీసివేయవలెను. బాణలిలోని నూనె అంటుకొనినచో నీరు పోయరాదు. పొయ్యి ఆర్పి మూత వేసి గాలి అందకుండ చేయవలెను. ఒంటిమీది బట్ట అంటుకొనినచో పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలెను, లేదా మందపు నూలుదుప్పటి చుట్టవలెను. కాలిన చోట సిరా, పేస్టు మొదలగునవి పూయక ఇరువది నిమిషములు చల్లని పారునీటిని పోసి వైద్యునివద్దకు కొనిపోవలెను. పొగ నిండిన గదిలో నిలువబడి నడువక, నేలకు వంగి ప్రాకుచు బయటపడవలెను.

రైతు గృహములకు మరి నాలుగు మాటలు. గడ్డివామిని, ప్రత్తికట్టెను ఇంటికిని పశువుల కొట్టమునకును ఎడముగా, విద్యుత్తు తీగలకు దూరముగా వేయుడు. ప్రత్తి పోసిన గదిలో దీపము, అగరువత్తి, చుట్ట, ఫోను ఛార్జరు ఏవియు ఉండరాదు. ఆ గదికి గడియ బయటినుండి సులభముగా తీయునట్లుండవలెను. కొట్టములోని పశువుల పలుపు ఒక్క లాగుడుతో విడిపోవు ముడితో వేయుడు. మంటలో ముడి విప్పలేక పోగొట్టుకొనిన పాడిపశువులు మన పల్లెలలో ఎన్నియో కలవు. కల్లము దగ్గర నాలుగు బిందెలు నీరు, రెండు బస్తాలు ఇసుక ఎల్లప్పుడు ఉంచుటకు ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు.

అగ్నిదళము గ్రాంటు స్వీకరించినదని వార్త విన్నప్పుడు ఎన్ని కోట్లని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఆ ధనముతో మన ఊరికి దగ్గరగా ఏమి వచ్చినది? దానిని నడుపు మనిషి ఎవరు? గ్రాంటు గడువు తీరిన పిమ్మట దాని ఖర్చు ఏ పద్దునుండి? వేసవిలో దానికి నీరెక్కడ? ఈ నాలుగు ప్రశ్నలను పంచాయతి సభ్యుని నుండి శాసనసభ్యుని వరకు ఎవరినైనను అడుగు హక్కు పౌరునికి కలదు. అడుగగా అడుగగా బావిలో పూడిక తీయబడును. నిప్పు పుట్టు దినము పంచాంగములో వ్రాసి యుండదు. నీరు తోడుకొనవలసిన దినమున బావి నిండుగా నుండవలెనన్నచో, త్రాడును బొక్కెనను సరిచూచుకొనవలసినది నేడే.